పరీక్ష అడిగిన తెలుగు, పరీక్ష అడగని తెలుగు



కొంతకాలం క్రిందట కోవిల్‌పట్టి నుండి ఒక పెద్దమనిషి ఒక పాత కాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చారు. తాతగారి ఇనుపపెట్టెలో దొరికిన ఉత్తరమది. మడతల దగ్గర చిరిగిపోయింది, సిరా గోధుమరంగుకు తిరిగింది. అందులో ఏమున్నదో చదివి చెప్పమని ఆయన కోరిక. నాతో మాట్లాడినంతసేపు ఆయన తెలుగులోనే మాట్లాడారు. వారి ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. అయినా ఆ ఉత్తరం చదవగలిగినవారు ఆ ఇంట ఒక్కరూ లేరు. ఆయన ఇంజనీరు. వెంట వచ్చిన కుమార్తె స్నాతకోత్తర విద్య పూర్తి చేసింది. ఇద్దరూ కలిసి జీవితంలో ఎన్ని పరీక్షలు వ్రాసి ఉంటారో లెక్క లేదు.

నేను చదివి వినిపించాను. పెద్ద రహస్యాలేమీ లేవు. విరుదునగర్ బజారులో పత్తి ధర పడిపోయిందని, చెల్లెలి పెండ్లి తై మాసానికి వాయిదా వేయడం మంచిదని, పిల్లవానిని బడి మాన్పించవద్దని వ్రాశారు. ఆ చివరి మాట విని ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. ఆ పిల్లవాడు ఆయన తండ్రిగారట. వెళ్ళబోతూ, "మమ్మల్ని ఎవరూ ఇది అడగలేదు సార్" అన్నారు.

'నేర్పలేదు' అనలేదు, 'అడగలేదు' అన్నారు. ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. విద్యావ్యవస్థలో అడగడం అంటే పరీక్షే కదా. తెలుగును ఎవరు, ఎప్పుడు, ఎవరిని అడిగారు, ఆ అడగడం వల్ల ఏమి పుట్టింది అన్న చరిత్రను ఈ వ్యాసంలో మీ ముందుంచుతున్నాను. మన కోవిల్‌పట్టి, విరుదునగర్ పిల్లల సంగతి ఆ చరిత్ర తెలిస్తేనే సరిగా అర్థమవుతుందని నా నమ్మకం.

పరదేశులకు పెట్టిన పరీక్ష

తెలుగు మాతృభాష కానివారికి క్రమబద్ధంగా తెలుగు నేర్పి పరీక్షించిన తొలి సంస్థలలో ముఖ్యమైనది మన మద్రాసులోనే వెలిసింది. 1812లో ఏర్పడిన ఆ సంస్థ పేరు ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల. పేరుకు కళాశాలే గాని, నేడు మనం ఎరిగిన డిగ్రీ కళాశాల వంటిది కాదు. ఇంగ్లండులో చదువు ముగించుకొని ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, మద్రాసులో ఓడ దిగిన యువకులకు దేశభాషలు నేర్పి, పరీక్షించి, జిల్లాలకు పంపడం దాని పని. నేటి పరిభాషలో చెప్పాలంటే అది విదేశీ భాషలో స్నాతకోత్తర శిక్షణ.

పరీక్ష గట్టిదే. తెలుగు నుండి ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుండి తెలుగుకు అనువదించాలి. నోటితో సంభాషించాలి. అందులో ఉత్తీర్ణుడైతే ఉద్యోగం, భత్యంలో పెరుగుదల. కాకుంటే మద్రాసులోనే ఉండి మళ్ళీ చదువు. కలెక్టరు కచేరీలో రైతు ఇచ్చే అర్జీ అర్థం కాని దొరవల్ల కంపెనీకి నష్టమే గనుక, ఈ నిర్బంధం వెనుక భాషాభిమానం కంటె రెవెన్యూ లెక్కే ఎక్కువ. ఆ మాట దాచవలసిన పని లేదు.

అయితే ఆ నిర్బంధం వల్ల ఏమేమి పుట్టాయో చూడండి. పరీక్ష ఉన్నది గనుక పండితులకు జీతాలు వచ్చాయి. కళాశాలలో తెలుగు పండితులుగా పట్టాభిరామశాస్త్రిగారి వంటివారు పనిచేశారు. పరీక్షకు చదవడానికి పుస్తకం కావాలి గనుక ముద్రణాలయం వచ్చింది. పద్యకావ్యం చదివినవానికి కచేరీ భాష రాదు గనుక వచనం అవసరమైంది. రావిపాటి గురుమూర్తిశాస్త్రిగారు విక్రమార్కుని కథలను వచనంలో వ్రాస్తే 1819లో అచ్చయింది. ఎ.డి. కాంబెల్ దొర తెలుగు వ్యాకరణం 1816లో, నిఘంటువు 1821లో వెలువడ్డాయి.

ఆ 1816 వ్యాకరణానికి మరొక ప్రాముఖ్యం ఉన్నది. కళాశాల నిర్వాహక మండలిలో పెద్దగా వ్యవహరించిన ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ దొర దానికి ఒక ముందుమాట వంటి వ్యాసం చేర్చారు. తెలుగు సంస్కృతం నుండి పుట్టినది కాదని, తమిళ కన్నడాలతో కలిసి వేరొక కుటుంబానికి చెందినదని ధాతువులను పక్కపక్కన పెట్టి నిరూపించిన వ్యాసమది. తిరునల్వేలి ప్రాంతపు ఇడయన్‌గుడిలో నివసించిన కాల్డ్‌వెల్ తన ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణాన్ని ప్రకటించింది 1856లో. అంటే దానికి 40 ఏండ్ల ముందే, పరీక్షకు చదువుకొనే కుర్రవాళ్ళ పాఠ్యపుస్తకం మొదటి పుటలలో అంత పెద్ద సత్యం అచ్చయింది. ఆ ఎల్లిస్ 1819లో మన రామనాథపురంలోనే ప్రమాదవశాత్తు విషం లోపలికిపోయి మరణించారు. నేటి విరుదునగర్ జిల్లా 1985లో ఆ రామనాథపురం జిల్లా నుండి విడదీసినదే. తెలుగు పరీక్ష పెట్టించిన మనిషి చివరి శ్వాస విడిచింది మన పొరుగున అన్నమాట.

ఆ కళాశాల విద్యార్థులలో తెలుగువారందరికీ తెలిసిన పేరు సి.పి. బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసు చేరి, వెలగపూడి కోదండరామ పంతులుగారి వద్ద తెలుగు అక్షరాలు దిద్దారు. 1820లో పరీక్ష పూర్తి చేసికొని కడపకు వెళ్ళారు. అప్పటికి ఆయనకు తెలుగుమీద ప్రత్యేకమైన ప్రేమ ఉన్నట్లు కనబడదు. అధికారులు అడిగారు గనుక నేర్చుకొన్నారు, అంతే. ప్రేమ తరువాత వచ్చింది. వేమన పద్యాలను సేకరించడం, తాళపత్ర కావ్యాలను సరిచూపించి ప్రతులు వ్రాయించడం, 1840లో వ్యాకరణం, 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ప్రకటించడం అన్నీ ఆ తరువాతివే. నిర్బంధంగా మొదలైన చదువు ఆయుష్షంతా నిలిచే అనుబంధమైంది. మన పిల్లల విషయంలో ఈ సంగతి గుర్తుపెట్టుకోవలసి ఉన్నది. ప్రేమ కలిగిన తరువాత నేర్పుదామని కూర్చుంటే అది రాకపోవచ్చు.

కళాశాల 1854లో మూతబడింది గాని పరీక్ష మూతబడలేదు. సివిలు సర్వీసుకు పోటీపరీక్షలు వచ్చిన తరువాత కూడా, మద్రాసు రాష్ట్రానికి ఎంపికైనవారు ఇక్కడి భాషలలో ఉత్తీర్ణులు కావలసిందే. బందరులో మతప్రచారకులుగా ఉన్న ఆర్డెన్ దొర తెలుగు వ్యాకరణం (1873) అటువంటి విద్యార్థులకు చాలాకాలం చేతిపుస్తకమైంది. ఆ పరంపరలో చివరివారిలో ఒకరు జె.పి.ఎల్. గ్విన్. ఐ.సి.ఎస్. ఉద్యోగిగా వచ్చి తెలుగు నేర్చుకొని, స్వాతంత్ర్యం తరువాత కూడా ఆంధ్రలో పనిచేశారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారితో కలిసి 1985లో ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని, తరువాత 1991లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించారు. 1816 నుండి 1991 వరకు, కాంబెల్ నుండి గ్విన్ వరకు, పరాయివాడిని తెలుగు అడిగిన ప్రతిసారీ తెలుగుకు ఒక పుస్తకం మిగిలింది.

ఏ తెలుగు అడగాలి?

పరీక్ష ఉంటే చాలదు, ఏ తెలుగును అడుగుతారన్నది మరొక ప్రశ్న. మన సాహిత్య చరిత్రలో గ్రాంథిక వ్యావహారిక వాదమని పేరుపడిన పెద్ద వివాదం నిజానికి పరీక్ష హాలులో పుట్టిన వివాదమే.

1906–07 ప్రాంతంలో జె.ఎ. యేట్సు అనే ఆంగ్లేయుడు ఉత్తర జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చారు. ఆయనకు అప్పటికే తమిళం వచ్చు. తెలుగు నేర్చుకొంటూ ఆయనకు ఒక సందేహం కలిగింది. పుస్తకంలో ఒక భాష, వీధిలో మరొక భాష ఎందుకున్నాయి? విశాఖపట్నంలో కళాశాల అధ్యక్షులుగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగితే, ఆయన గురజాడ అప్పారావుగారిని, గిడుగు రామమూర్తిగారిని చూపించారు. ఒక పరదేశి విద్యార్థి అమాయకంగా అడిగిన ప్రశ్న నుండి ఉద్యమం కదిలింది.

ఆ ఉద్యమంలో మొదటి పోరాటం వ్యాసరచన పరీక్ష గురించే జరిగింది. 1912–13లో స్కూలు ఫైనలు విద్యార్థులు తెలుగు వ్యాసాన్ని కావ్యభాషలోగాని, ఆధునిక భాషలోగాని వ్రాయవచ్చునని అనుమతి వచ్చింది. మొదటిదానికి ఉదాహరణగా చిన్నయసూరి నీతిచంద్రికను, రెండవదానికి ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను చూపించారు. జయంతి రామయ్య పంతులుగారు, ఆంధ్రసాహిత్య పరిషత్తువారు దీనిని గట్టిగా ఎదిరించారు. ఇంటర్మీడియట్ వ్యాసరచన సంగతి తేల్చడానికి మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన ఉపసంఘంలో అధిక సంఖ్యాకులతో విభేదించి, 1914లో గురజాడవారు సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించారు. అప్పటికి ఆయన ఓడిపోయారు. 1915లో కన్నుమూశారు. ఆయన అడిగినది తరువాతి తరాలకు గాని అందలేదు.

మనం గమనించవలసిన విశేషం ఒకటున్నది. ఈ వాదంలో ఇరుపక్షాలవారూ ఉటంకించిన పుస్తకాల వెనుక దక్షిణదేశపు తెలుగువారు ఉన్నారు. నీతిచంద్రిక వ్రాసిన పరవస్తు చిన్నయసూరిగారు శ్రీపెరుంబుదూరులో పుట్టినవారు. కాశీయాత్ర చరిత్ర వ్రాసిన వీరాస్వామయ్యగారు చెన్నపట్టణంలో సుప్రీంకోర్టు ఉద్యోగి. గ్రాంథికానికీ, వ్యావహారికానికీ కూడా మాదిరి వచనాన్ని అందించింది నేటి తమిళనాడు గడ్డ.

సముద్రాలకు ఆవల

ఇక నేటి విదేశీ విశ్వవిద్యాలయాల సంగతి. 1957లో రష్యావారు స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపిన తరువాత అమెరికా మేలుకొని 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టం చేసింది. ఇతర దేశాల భాషలు నేర్చుకొనే స్నాతకోత్తర విద్యార్థులకు ఆ చట్టం కింద సహాయం మొదలైంది. 1961లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ ఏర్పడి, ఆ విద్యార్థులు భారతదేశానికి వచ్చి భాషలు నేర్చుకొనే ఏర్పాట్లు చేసింది. అందులో తెలుగు కూడా ఉన్నది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావుగారు 1970ల నుండి దశాబ్దాలపాటు తెలుగు బోధించారు.

అక్కడ దక్షిణాసియాపై డాక్టరేటు చేయదలచినవారు తాము పరిశోధించే ప్రాంతపు భాషను చదవగలమని సాధారణంగా నిరూపించుకోవాలి. పరీక్ష తీరు విశ్వవిద్యాలయానికొక విధంగా ఉన్నా, ఎక్కువగా కనిపించే పద్ధతి ఒకటున్నది. ముందుగా చూడని ఒక భాగం ఇస్తారు, నిఘంటువు దగ్గర ఉంచుకోనిస్తారు, నిర్ణీత సమయంలో అనువదించమంటారు. కంఠస్థం చేసిన జవాబు దానికి పనికిరాదు. కొత్త కాగితం చూసి అర్థం చెప్పగలగాలి. కోవిల్‌పట్టి పెద్దమనిషి నా దగ్గరకు తెచ్చిన ఉత్తరం సరిగ్గా అటువంటి ప్రశ్నపత్రమే.

అమెరికాలో విదేశీ భాషాబోధకుల మండలి 1986లో ప్రకటించిన ప్రమాణాలు కూడా మనకు ఉపయోగపడతాయి. వినడం, మాట్లాడడం, చదవడం, వ్రాయడం అనే నాలుగింటినీ అవి విడివిడిగా కొలుస్తాయి. ఒకే మనిషి మాటలో పై మెట్టుమీద, చదువులో మొదటి మెట్టుమీద ఉండవచ్చునని ఒప్పుకొంటాయి. ఇంట్లో భాష విని పెరిగి, బడిలో అక్షరం నేర్వని పిల్లలకు అక్కడ ప్రత్యేకంగా ఒక పేరే ఉన్నది. వారసత్వ భాషా విద్యార్థులు అంటారు. మన ఇండ్లలోని పిల్లలు సరిగ్గా ఆ కోవవారే.

దీనితో పోల్చి మన దేశపు పరీక్షను కూడా చూద్దాం. కళాశాలలో తెలుగు అధ్యాపకులు కాగోరేవారికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం నెట్ పరీక్ష ఉన్నది. 2012 నుండి అందులో వ్యాసం వ్రాయవలసిన పత్రం తొలగిపోయింది. నేటి రూపంలో రెండు పత్రాలు, మొత్తం 150 ప్రశ్నలు, 300 మార్కులు. అన్నీ నాలుగు జవాబులలో ఒకటి గుర్తించే ప్రశ్నలే. కవుల కాలాలు, గ్రంథాల పేర్లు, లక్షణాలు బాగా తెలిసినవారు నెగ్గుతారు. ఒక్క తెలుగు వాక్యం స్వయంగా వ్రాయకుండానే ఆ గడప దాటవచ్చు. 1820లో బ్రౌన్ నోటితో మాట్లాడి, చేతితో అనువదించి దాటిన గడప కంటె ఇది ఎత్తైనదా, పల్లమైనదా అన్నది మీరే ఆలోచించండి.

మన రెండు ఊళ్ళు

ఇప్పుడు మన కరిసల్ నేలకు వద్దాం. విరుదునగర్ నుండి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టి వరకు ఉన్న నల్లరేగడి పల్లెలలో కమ్మవారు, రెడ్లు, రాజకంబళం నాయకులు, అరుంధతీయులు, ఇంకా ఎందరో తరతరాలుగా ఇంట తెలుగు మాట్లాడుతున్నారు. రాజపాళయం రాజుల సంగతి సరేసరి. వారిలో ఒకరైన పి.ఎస్. కుమారస్వామిరాజాగారు 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ప్రభుత్వానికి నాయకత్వం వహించారు.

తెలుగు ఎం.ఎ. చదివేవారిని గడగడలాడించే కావ్యాలలో ఆముక్తమాల్యద ఒకటి. ఆ కావ్యకథ జరిగే విల్లిపుత్తూరు విరుదునగర్ జిల్లాలోనే ఉన్నది. అందులో విష్ణుచిత్తుడు మధురకు వెళ్ళి పాండ్యరాజు సభలో పండితుల ముందు నిలిచి జవాబు చెప్పడం కూడా ఒక పరీక్షే. రాయలవారు ఆ ఊరిని తెలుగులో అంత గొప్పగా వర్ణించారు. హైదరాబాదులో, విశాఖలో విద్యార్థులు ఆ వర్ణనను పరీక్షకు చదువుతారు. ఆ ఊరి చుట్టుపక్కల తెలుగు ఇండ్ల పిల్లలలో దానిని చూసి చదవగలిగినవారిని మాత్రం వెదుక్కోవాలి.

కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్ ఉన్నది. 1923లో అక్కడ తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్‌గారు కరిసల్ ప్రాంతపు మాటలకు నిఘంటువు కూర్చి, కథలు, నవలలు వ్రాసి, 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం పొందారు. 2021లో స్వర్గస్థులయ్యారు. తెలుగువారు దక్షిణానికి వలస వచ్చిన కథను ఆయన నవలగా చెప్పారు. ఆ నవల తమిళంలో ఉన్నది. అందులో తప్పేమీ లేదు, అది తమిళానికి గర్వకారణం, మనకూ గర్వకారణం. నేను చెప్పదలచింది ఒక్కటే. మన వలసకథను మనమే చదువుకోవాలన్నా అది తమిళంలోనే దొరుకుతున్నది.

ఇక చట్టాల సంగతి. 1956లో రాజ్యాంగానికి చేర్చిన 350–ఎ అధికరణం భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సౌకర్యాలు కల్పించాలని చెబుతుంది. 1968లో తమిళనాడు త్రిభాషా సూత్రాన్ని వదలి ద్విభాషా విధానం చేపట్టింది. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006–07లో ఒకటవ తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పెరిగి, 2015–16కు పదవ తరగతికి చేరింది. ఆ విధానంలో మొదటి భాగం తమిళం, రెండవది ఇంగ్లీషు, మూడవది గణితం మొదలైన విషయాలు. తమిళం, ఇంగ్లీషు మాతృభాషలు కాని పిల్లలు నాలుగవ భాగంగా తమ భాషను ఐచ్ఛికంగా తీసికోవచ్చు. 2016 పదవ తరగతి పరీక్షల వేళ అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు మద్రాసు హైకోర్టు నుండి తమిళ పరీక్షకు మినహాయింపు పొందారు. 2023 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు ఆ మినహాయింపును మరొక సంవత్సరం పొడిగించింది. ఏ సంవత్సరపు ఉత్తర్వు ఆ సంవత్సరానిదే గనుక, తల్లిదండ్రులు ఏటా బడి తెరవగానే ప్రధానోపాధ్యాయులను అడిగి తెలిసికోవడం మంచిది.

నా అభిప్రాయం దాచుకోను. ఈ నేలమీద బ్రతికే పిల్లవానికి తమిళం రావాలి, పరీక్షగా కూడా ఉండాలి. తమిళం మన ఊరి భాష, మన అంగడి భాష, మన ఇరుగుపొరుగుల భాష. 2021 డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వం ఉద్యోగ నియామక పరీక్షలలో తమిళ పత్రాన్ని తప్పనిసరి చేసింది. ప్రజలకు సేవచేసేవాడు ప్రజల భాష ఎరిగి ఉండాలన్న 1812 నాటి న్యాయమే ఇది, ఇంకా చెప్పాలంటే ఆనాటికంటె న్యాయమైన కారణంతో. దానిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

నా బాధ 'ఐచ్ఛికం' అన్న మాట గురించి. ఐచ్ఛికమైన దానికి గంట దొరకదు, గంట లేనిచోట ఉపాధ్యాయుడు ఉండడు, ఉపాధ్యాయుడు లేనిచోట పుస్తకం అమ్ముడుపోదు. ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాలలో పరీక్ష ముందు వచ్చి, పండితుడు, పుస్తకం, అచ్చుయంత్రం వెంట వచ్చాయి. ఇక్కడ ఆ చక్రం వెనక్కు తిరుగుతున్నది. రెండు వందల ఏండ్ల క్రిందట మద్రాసులో పరదేశికి తెలుగు తప్పనిసరి అయింది. నేడు తెలుగు ఇంటి బిడ్డకు అది ఇష్టమైతే చేయవలసిన పనిగా మిగిలింది.

ఇంటిలో పెట్టవలసిన పరీక్ష

ప్రభుత్వాన్ని అడగవలసినవి అడుగుదాం. అంతవరకు ఇల్లు అడగవచ్చు కదా. నా అనుభవంలో పనికివచ్చిన విషయాలు కొన్ని మనవి చేస్తాను.

మొదటిది, నాలుగు నైపుణ్యాలను విడదీసి చూడండి. మన పిల్లలకు వినడం, మాట్లాడడం ఇంట్లోనే వచ్చాయి. వారిని విదేశీయుల వలె మొదటినుండి నడిపించనక్కరలేదు. కావలసినవి అక్షరాలు. తమిళ అచ్చుల వరుస ఎరిగిన పిల్లవానికి అ, ఆ, ఇ, ఈ క్రమం కొత్తది కాదు. ఎ, ఏ, ఒ, ఓ భేదం కూడా రెండు భాషలలో ఉన్నదే. కష్టమంతా హల్లులలో ఉన్నది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. అందుకే తెలుగు మాటలను తమిళ లిపిలో వ్రాసుకొనే ఇండ్లలో 'గాలి', 'కాలి' ఒకటవుతాయి. 'బడి', 'పడి' ఒకటవుతాయి. పిల్లవాని చెవికి ఆ భేదం తెలుసు, కంటికి తెలియదు. చెవికి తెలిసినదాన్ని కంటికి చూపిస్తే చాలు, రెండు మూడు నెలలలో చదవడం మొదలుపెడతాడు.

రెండవది, ఇంటి మాటను తప్పుగా దిద్దకండి. మన పిల్లలు 'వచ్చినాడు', 'చేసినాను' అంటారు. పుస్తకంలో 'వచ్చాడు', 'చేశాను' అని ఉంటుంది. వ్యాకరణరీత్యా చూస్తే మన ఇంటి రూపమే పాత కావ్యరూపానికి దగ్గరగా ఉన్నది. దానికి ఎర్ర సిరా గీత పెట్టినవారు పిల్లవాని తప్పును కాదు, అతని అవ్వను దిద్దుతున్నారు. రెండూ తెలుగే, ఇది ఇంట అనేది, అది పుస్తకంలో వ్రాసేది అని చెబితే చాలు. యేట్సు దొర అడిగిన ప్రశ్నకు మనం తరగతిలో చెప్పవలసిన జవాబు ఇదే.

మూడవది, చూడని కాగితం ఇవ్వండి. పాఠం వల్లె వేయించి అడిగితే జ్ఞాపకశక్తి తెలుస్తుంది, చదువు తెలియదు. బంధువుల పెండ్లి పత్రిక, ఆంధ్ర నుండి వచ్చిన సరకు పొట్లంమీది వ్రాత, పాత ఉత్తరం, ఏదైనా సరే. చదివి తమిళంలో అర్థం చెప్పమనండి. తరువాత తమిళంలో ఒక చిన్న సంగతి ఇచ్చి తెలుగులో పది పంక్తుల ఉత్తరం వ్రాయమనండి. ఫోర్ట్ సెయింట్ జార్జిలో దొరలకు పెట్టినదీ, నేడు అమెరికాలో పరిశోధకులకు పెడుతున్నదీ దాదాపు ఇదే. మన పిల్లలు వారికంటె ముందే ఉన్నారు, ఎందుకంటే వారికి భాష ముందే వచ్చు.

నాలుగవది, బడిలో నాలుగవ భాగంగా తెలుగు తీసికొనే అవకాశం ఉంటే వదలుకోకండి. ఎక్కువమంది అడిగినచోటే గంట ఇస్తారు, ఉపాధ్యాయుని వేస్తారు. ఒక్కొక్కరు విడిగా అడిగితే వినబడదు. ఒక ఊరివారు కలిసి, సంతకాలతో, విద్యాసంవత్సరం ఆరంభంలోనే వ్రాసి ఇవ్వండి.

మొదట చెప్పిన ఉత్తరం సంగతితో ముగిస్తాను. చదివి వినిపించిన తరువాత ఆ పెద్దమనిషి దానిని తమిళ అక్షరాలలో వ్రాసి ఇమ్మన్నారు. వ్రాశాను. కాని 'బడి మాన్పించవద్దు' అన్నచోట కలం ఆగింది. ఆ లిపిలో 'బడి' అన్నా 'పడి' అన్నా ఒకటే గదా. పక్కన ఒక చుక్క పెట్టి, ఈ మాటను ఇలా పలకాలి అని విడిగా వ్రాయవలసి వచ్చింది. కుమార్తె దానిని కొంతసేపు చూసి, "అసలు అక్షరాలు ఎన్ని సార్?" అని అడిగింది. ఆదివారాలు రమ్మన్నాను, వస్తున్నది. ఆ అమ్మాయికి నేను వేరే పాఠ్యపుస్తకం ఇవ్వలేదు. ముత్తాతగారి ఉత్తరమే పాఠం, దానిని తండ్రికి చదివి వినిపించడమే పరీక్ష. ఇప్పటికి నాలుగు పంక్తులు వచ్చాయి. బడి అన్న మాట ఇంకా రెండు పంక్తుల దూరంలో ఉన్నది.

మీ ఇండ్లలో కూడా ఇటువంటి కాగితాలు ఉంటే పారవేయకండి. సెలవు.